శత్రువు బాణీ

యుద్ధకాలంలో సంగీతం ఎలా ఉండాలో తేల్చడానికి వోల్గా ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో ఒక సంఘం వెలసింది. అధ్యక్షుడు ప్రోహోర్ యెగోరిచ్ అంతకుముందు ఉన్నిబూట్ల కర్మాగారం నడిపినవాడు. ఆ బూట్లు తొడుక్కుంటే అడుగుల చప్పుడే వినిపించదు. చప్పుళ్ళ గురించి అంతకన్నా తెలిసినవాడు ఊళ్ళో లేడని సంగీతాన్ని ఆయనకే అప్పగించారు.

లెనిన్‌గ్రాద్ నుంచి తరలివచ్చిన స్వరకర్త అర్కాదీ లోబ్జిన్ కొత్త సింఫనీ రాశాడు. అందులో శత్రువు బాణీ, మన బాణీ పోరాడతాయి. చివరికి మనది గెలుస్తుంది. సంఘం మెచ్చితే రొట్టె రేషనుకి పెద్ద కార్డు, లేకపోతే చిన్నది. చిన్న కార్డు తిండితో భార్య గ్లాఫీరా ఈ చలికాలం గట్టెక్కదని అతని భయం.

ఆనవాయితీ ప్రకారం సింఫనీని ముందు సంఘానికి పియానో మీద వినిపించాడు. అందరూ గంభీరంగా తలలూపారు. మర్నాటి నుంచి రొట్టె వరుసలో ఆడవాళ్ళు, స్నానశాలలో మగవాళ్ళు శత్రువు బాణీనే కూనిరాగం తీయసాగారు. మన బాణీ ఒక్కరికీ గుర్తులేదు.

"ఏమయ్యా లోబ్జిన్, నీ శత్రువు ఇంత సొంపుగా ఉన్నాడేం?" అని అధ్యక్షుడు గద్దించాడు. "గడ్డం గీసుకుంటూ నేనే ఈల వేశాను. మా ఆవిడ హడలిపోయి కిటికీలు మూసేసింది!"

"శత్రువు బలంగా ఉంటేనే కదండీ గెలుపుకి విలువ?"

"బలంగా ఉండనీ, ఇంపుగా ఉండటమెందుకూ? వాణ్ణి కాస్త చెడగొట్టు."

లోబ్జిన్ శ్రద్ధగా శ్రుతి తప్పించాడు, తాళం కుంటించాడు. అసలు వాద్యగాళ్ళు సైన్యంలో ఉన్నారు కనుక కచేరీ అగ్నిమాపక దళం బ్యాండుకి అప్పగించారు. ఊరందరిలాగే వాళ్ళకీ శత్రువు బాణీ మొదట ఉన్నట్టే నోటికొచ్చు. రాసినవాడు పొరబడ్డాడనుకుని, జాలిపడి సరిదిద్ది వాయించారు. మన బాణీ కష్టమైనది. దాన్ని చేతనైనట్టు వాయించారు.

అధ్యక్షుడు కళ్ళు తుడుచుకున్నాడు. "శత్రువుని చెడగొట్టించాను కదా! ఇంత బాగున్నది మనదే. అందుకేనన్నమాట నేను ఈల వేసింది!" అంటూ లేచి చప్పట్లు కొట్టాడు. ఏది ఎవరిదో తెలిసిన ఊరంతా లేచి కొట్టింది.

తీరా చివరికి రెండోది, అంటే అసలు మన బాణీ, గెలవబోతుంటే ఆయన ముఖం నల్లబడింది. బ్యాండు నాయకుడు అది చూసి, చటుక్కున మొదటి బాణీ ఎత్తుకుని దాన్నే గెలిపించాడు.

"గెలిచింది మనమే కదూ?" అన్నాడు అధ్యక్షుడు.

లోబ్జిన్ వెనక్కి చూశాడు. గ్లాఫీరా శాలువాలో దగ్గు అణచుకుంటోంది.

"మనమేనండీ."

పెద్ద కార్డు వచ్చింది. మర్నాడు యుద్ధానికి రైలెక్కే కుర్రాళ్ళు ఆ బాణీకే కవాతు చేశారు. ఒక్క అడుగూ తప్పలేదు.

"శత్రువు నడక మనవాళ్ళకి ఇంత సులువుగా ఎలా పట్టుబడిందే?" అన్నాడు లోబ్జిన్.

గ్లాఫీరా సిలువ గుర్తు వేసుకుంది.

"నన్నడక్కు అర్కాషా. చప్పట్లు నేనూ కొట్టాను."