మూడో ఐలయ్య తండ్రి ఎవరు?

ఆ శుక్రవారం పొద్దున నిరంజన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికి కటింగు, పదిన్నరకు స్నానం, పదకొండుకు వీడియో కాల్‌లో పై అధికారి ఓంప్రకాశ్ సార్‌కు, తప్పులు వెతికే తన ప్రోగ్రాం చూపించడం. నచ్చితే ఇప్పుడు తాత్కాలికంగా చేస్తున్న కరీంనగర్ కంపెనీలో ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదని సార్ ముందే మర్యాదగా చెప్పిపెట్టాడు.

హాల్లో గోడకు నాలుగు డ్రాయింగ్ షీట్లు అతికించి ఉన్నాయి. వాటి నిండా పెట్టెలు, పెట్టెల నుంచి కిందికి గీతలు. మరమగ్గాన్ని నడిపే ప్రోగ్రాం ఒకటి ఉన్నట్టుండి ఆగిపోతోంది. ప్రోగ్రాం మిషన్ భాషలోకి మారిపోయాక అందులో మనిషికి అర్థమయ్యేది ఏమీ మిగలదు. అందుకని ఏ ఫైల్లో ఏ పని ఉంది, ఆ పని లోపల ఏ పేర్లున్నాయి అన్న వివరమంతా చెట్టులా కొమ్మలు కొమ్మలుగా దాని వెంటే దాచిపెడతారు. గోడ మీద నిరంజన్ పెట్టెలుగా గీసుకున్నది ఆ చెట్టునే. సి అనే కంప్యూటర్ భాషలో ఎవరో ముందే రాసిపెట్టిన సరంజామా, లైబ్రరీ అంటారు, దానితో ఆ చెట్టులో తిరగవచ్చు. ఒక పెట్టె నుంచి దాని మొదటి బిడ్డ దగ్గరికి దిగవచ్చు, ఆ బిడ్డ నుంచి పక్కనున్న తమ్ముడి దగ్గరికి నడవవచ్చు. పైకి, తండ్రి దగ్గరికి పోవడానికి మాత్రం అందులో దారి లేదు. ప్రోగ్రాం ఏ పెట్టె దగ్గర ఆగిందో తెలుస్తోంది గాని, ఒకే పేరుతో చాలా పెట్టెలుండటంతో ఆ పెట్టె ఎవరింటిదో తెలియడం లేదు. దీని మీద కంపెనీ పదకొండు మీటింగులు పెట్టింది. ప్రతి మీటింగులోనూ సమస్య క్లిష్టమైనదని ఏకగ్రీవంగా తేలింది.

"రేవతీ, గోడ దిక్కు ఎవ్వర్ని రానియ్యకు. స్పందన చేతికి స్కెచ్ పెన్ను అస్సలే దొరకనియ్యకు," అని భార్యకు చెప్పి, ఫోను ఛార్జింగుకు పెట్టి నిరంజన్ కటింగుకు వెళ్లాడు.

రేవతి ఎనిమిది నెలల స్పందనను చంకనెత్తుకుని గోడకు కాపలా నిలబడింది. నిలబడ్డ మనిషి చూడక ఏం చేస్తుంది? చూసింది. ఏడు పెట్టెలు ఖాళీగా ఉన్నాయి. పదో తరగతి కాగానే చదువు మాన్పించి మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు గాని, ఖాళీలు పూరించకపోతే మార్కులు పోతాయన్న సంగతి ఆమె మరచిపోలేదు. ఈయన మరచిపోయినట్టున్నాడు. ఉద్యోగం రాకపోతే కిరాయి ఇల్లు ఎట్లా, పిల్ల పాలడబ్బా ఎట్లా అని మొదలైన ఆలోచన క్షణంలో స్పందన కాలేజీ దాకా పోయింది.

నిజానికి ప్రోగ్రాంలో పేరు లేని భాగాలు కొన్ని ఉంటాయి, వాటి పెట్టెలు ఖాళీగానే ఉండాలి. ఆ ముక్క నిరంజన్ ఆమెకు చెప్పలేదు. ఎప్పుడు అడిగినా "నీకు సమజ్ గాదు తీ" అనేవాడు.

అంతలో మామ గట్టయ్య చాయ్ తాగి వచ్చాడు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పని చేసి రిటైరైన మనిషి. గోడను చూసి అక్కడే ఆగాడు.

"వీడు నా మాటినడనుకున్న. లక్సెట్టిపేటల మన జాగ పట్టాకు వంశవృక్షం గావాల్నని ఆఫీసుల అడిగిన్రంటే, జూడు, ఎంత పెద్దగ గీసిండో!"

"గది గాదేమో మామా. గిందుల మన పేర్లు లేవు, అంత ఇంగ్లీషే ఉంది."

"ఆఫీసు కాయిదం ఇంగ్లీషుల గాక దేంట్ల ఉంటది? జర సదువు."

రేవతి కూడబలుక్కుంది. "ఐ అని ఉంది మామా. మూడు పెట్టెలల్ల ఐ, ఐ, ఐ."

"ఐలయ్యలు! మన ఖాందాన్ల ఐలయ్యలు ముగ్గురే. ఇంక అనుమానమేంది?"

ముగ్గురు ఐలయ్యలూ సరిపోయాక రేవతి స్కెచ్ పెన్ను అందుకుంది. పైగా ఖాళీలు నిండుతాయి. గట్టయ్య చెబుతుంటే రాసింది: బుచ్చిరాములు, బాలవ్వ, లక్ష్మణ్...

"ఊకె పేర్లు రాస్తె చెల్లది బిడ్డా. ప్రతి పెట్టెకెల్లి పైకి బాణం గీసి తండ్రి పేరు రాయి. బాయిల మా షిఫ్టుకు మల్లయ్యలు నలుగురు. తండ్రి పేరు రాసుకోకుంటే ఒకని హాజరు ఇంకొకనికి పడుతుండె."

ఏడు పెట్టెలే కాదు, నాలుగు షీట్లలోని ప్రతి పెట్టెకూ బాణం లేచింది. అప్పుడే పక్క వీధిలో ఉండే గట్టయ్య చెల్లెలు శంకరవ్వ పిల్లను ఎత్తుకుందామని వచ్చింది. సంగతి విని, గోడంతా కలియజూసి, పిల్లను ఎత్తుకోవడం మానేసింది.

"అన్నా, గింత గోడల నాకు ఒక్క పెట్టె లేదా? జాగల నా వాటా ఎగ్గొట్టెతందుకే గదా!"

"ఎవరెగ్గొడుతుండ్రే? గీడ సందు లేకపాయె..."

"గోడ మీద సందు లేదు, లక్సెట్టిపేటల సందు లేదు. మరి నేను ఏడ పుట్టిన్నో జర నువ్వే చెప్పు!"

రేవతి ఆమెకొక పెట్టె గీసింది. ఆ తర్వాత ఆమె పిల్లలకు, మనుమలకు ఇంకో తొమ్మిది గీసింది. షీట్లు చాలక చెట్టు సున్నం గోడ మీదికి పాకింది. చిన్నకొడుకు పెట్టె కన్నా పెద్దకొడుకుది చిన్నగా ఉందని శంకరవ్వ దాన్ని కొట్టివేయించి మళ్లీ గీయించింది.

కటింగు షాపులో రద్దీ. నిరంజన్ వచ్చేసరికి పదకొండుకు రెండు నిమిషాలుంది. గోడను చూసి తువ్వాలతో ముఖం తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఏం జేసినవ్ రేవతీ?"

"ఖాళీలు నింపిన," అంది రేవతి ఏడుపు గొంతుతో. "మీరు మరిచిపోయిన్రు... ఉద్యోగం పోతదని..."

లాప్‌టాప్ మోగింది. ఇచ్చోడ అనే ఊరి మనిషే అయినా హైదరాబాద్ నుంచి మాట్లాడే ఓంప్రకాశ్ సార్ తెర మీదికి వచ్చి, నిరంజన్ కన్నా ముందు గోడను చూశాడు.

"గా బాణాలేంది నిరంజన్?"

"సారీ సార్, మా ఇంట్లోళ్లు తెలువక..."

"పైకి ఎందుకు పోతున్నయి అంటున్న."

గట్టయ్య కొడుకును పక్కకు జరిపి కుర్చీలో కూర్చున్నాడు. "తండ్రి పేర్లు సార్. ఐలయ్యలు ముగ్గురున్నరు. కిందికి దిగేటప్పుడే ఎవని పెట్టెల వాని తండ్రిని రాసిపెట్టుకుంటే, ఎనుకకు పోనీకె మల్ల మొదటికెల్లి దేవులాడే పనుండదు. గింత దానికి ఫికరెందుకు?"

సార్ తెరకు దగ్గరగా వంగి గోడను మళ్లీ చూశాడు. రేవతి పిల్లను గట్టిగా అదుముకుంది.

"లైబ్రరీ తండ్రిని చూపియ్యకపోతే," అన్నాడు ఓంప్రకాశ్ సార్ మెల్లగా, "దిగుకుంట మనమే రాసుకోవచ్చు. పదకొండు మీటింగులల్ల ఒక్కడన్న గీ మాటన్నడా?"

ఎవరూ అనలేదు. పదకొండూ నడిపింది ఆయనే.

నిరంజన్ నిలబడే ఇరవై లైన్ల కోడు రాసి నడిపాడు. ప్రోగ్రాం ఆగింది మూడో ఐ దగ్గర. దాని తండ్రి, పేరే లేని ఆ ఏడు ఖాళీ పెట్టెల్లో ఒకటి. దాని పైన, దారం తెగితే మగ్గాన్ని ఆపే పని. తప్పు అందులో దాక్కుని ఉంది.

"మూడో ఐలయ్య చిన్నప్పటికెల్లి గంతే," అన్నాడు గట్టయ్య.

"నిరంజన్, నీ ఉద్యోగం పక్కా," అన్నాడు ఓంప్రకాశ్ సార్. రేవతి కళ్లు తుడుచుకుంది. నిరంజన్ థాంక్స్ చెప్పడానికి ముందుకు వంగాడు. "ఆగు, జర పెద్దాయనతోని మాట్లాడనియ్యి," అన్నాడు సార్.

సోమవారం కరీంనగర్ ఆఫీసులో టీం మొత్తానికి శిక్షణ తరగతి పెట్టారు. పాఠం చెప్పేది గట్టయ్య, కుర్చీలు వేసేది నిరంజన్.