మూడు బాటల కాడ మొకం

ఆ పొద్దున వనజ అనుకున్నది చాలా చిన్న పని. బిడ్డను బయటికి తోలి, మధ్యాహ్నంలోపు చాటలో ఉన్న తునికాకంతా బీడీలు చుట్టేయాలి. అంతకు మించి ఆమె దేవుణ్ణి ఏమీ అడగలేదు.

చెన్నూరులో దీపిక చదివే బడి వాళ్లు వేసవి సెలవులు ఇచ్చినట్టే ఇచ్చి, ఫోనులో ఒక పెద్ద జాబితా పంపారు. దానికి ‘ప్రకృతితో పాఠాలు’ అని పేరు పెట్టారు. కట్టె పాతి నీడ ఎటు జరుగుతుందో చూడాలి. చీమల బారు వెంట పోయి పుట్ట కనుక్కోవాలి. కొబ్బరి చిప్పలో పెసర్లు మొలకెత్తించాలి. రోజుకొకటి చేసి ఫొటో పెట్టకపోతే, టీచరమ్మ గ్రూపులో పిల్ల పేరు రాసి పక్కన ఏడుపు బొమ్మ పెడుతుంది. ఇదంతా పిల్లల కోసమే అంటారు గానీ, ఆ ఏడుపు బొమ్మకు వణికేది తల్లులు. పెసర్ల మొలకలు మేక తినేసిన రోజు వనజ పక్కింటి మొలకల ఫొటో పెట్టి పరువు కాపాడుకుంది.

ఆ రోజు పాఠం ఇది: మీకు ఇష్టమైన మనిషి ముఖాన్ని చుట్టుపక్కల దొరికే వస్తువులతో నేల మీద చేయండి. ప్లాస్టిక్ వాడరాదు. పొద్దుటి ఎండ బాగా పడే చదునైన చోటు చూసుకోండి.

"అమ్మా, బాపు మొకం చేస్త," అంది దీపిక.

"చెయ్యి. నన్ను మాత్రం లేపకు."

దీపికకు ఎనిమిదేళ్లు. వాళ్ల బాపు లక్ష్మణ్ మస్కట్‌కు పోయి మూడేళ్లు దాటింది. ఫోనులో చూస్తే బాపు ముఖం తెలుస్తుంది గానీ మీసం సరిగ్గా తెలియదు, ఎప్పుడు మాట్లాడినా అక్కడ వెలుతురు తక్కువ. అందుకని ఎదురింట్లో ఉండే పెద్దబాపు హనుమండ్లు మీసాన్ని చూసి పోల్చుకుంది. సొంత అన్నదమ్ములు, మీసం మాత్రం వేరుగా ఎందుకుంటుంది అనుకుంది. ఎనిమిదేళ్ల బుద్ధికి అందులో తప్పేమీ లేదు.

పొయ్యిలోని బూడిదతో గుండ్రంగా ముఖం గీసింది. చెంపలకు పసుపు చల్లింది. నిమ్మకాయ కోసి రెండు చెక్కలు కళ్లుగా పెట్టింది, ఎండు మిరపకాయలతో పెదవులు చేసింది. మీసానికి నల్లకోడి ఈకలు బాగుంటాయని ఊరి చివర సత్తమ్మ దగ్గరికి పోయి అడిగింది. సత్తమ్మ ఈకలిచ్చి, ముక్కు కోసం ఒక గుడ్డు కూడా ఇచ్చింది. ఇక జుట్టు కావాలి. నానమ్మ కిష్టవ్వ తల దువ్వుకున్నప్పుడల్లా రాలిన వెంట్రుకలను ఉండచుట్టి గోడసందులో దోపుతుంది, వెంట్రుకలు కొనేవాడు వస్తే స్టీలు గిన్నె తీసుకోవచ్చని. దీపిక ఆ ఉండలన్నీ పట్టుకుపోయింది. తెల్లవైతేనేం, నిజం వెంట్రుకలు కదా.

చదునుగా ఉండి ఎండ బాగా పడే చోటు వాళ్ల ఊరు చెలిమపల్లెలో ఒక్కటే ఉంది. మూడు బాటలు కలిసేచోటు. అక్కడ నిమ్మకాయ ముక్క కనిపిస్తే ట్రాక్టరు వాడు కూడా పక్కన పొలంలోకి దింపి పోతాడు తప్ప దాన్ని దాటడు. ఈ సంగతి జాబితా రాసిన టీచరమ్మకు తెలియదు. దీపికకు ఎవరూ చెప్పలేదు.

పిల్ల ఫొటో తీసి గ్రూపులో పెట్టింది. టీచరమ్మ మూడు పువ్వులు పంపింది.

"మంచిగ చేసినవ్," అంది వనజ, బీడీ మీంచి తలెత్తకుండానే.

పావుగంటకు హనుమండ్లు బండి మీద పత్తి చేనుకు బయల్దేరాడు. ధైర్యస్థుడని ఊళ్లో అతనికి పేరుంది. ఆ పేరు సగం మీసం వల్లనే వచ్చింది. మూడు బాటల కాడ నేల మీద తన ముఖం పడుకొని తనవైపే చూస్తోంది. నోట్లో మిరపకాయలు, కళ్లలో నిమ్మకాయలు, తలనిండా ముసలి వెంట్రుకలు. బండి ఒక దిక్కు, హనుమండ్లు ఒక దిక్కు పడ్డారు. బండికి ఏమీ కాలేదు.

ఇంటికి మోసుకొచ్చేసరికి అతనికి చలిజ్వరం. మే నెల ఎండలో దుప్పటి కప్పుకొని గజగజ వణికాడు.

"అవ్వా, నా మొకమే. నా మీసమే. నన్ను నేల మీద పరిచిండ్రే," అన్నాడు కిష్టవ్వతో.

వనజ ఫోను తీసి చూసింది. చూడగానే చేతిలోని బీడీ కింద పడింది. అప్పుడే వాకిట్లోకి వచ్చి రెండు ముక్కలు చెప్పి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ ఆమె ఆగింది. పిల్ల ఆటకు బావ జడుసుకున్నాడని ఊరు నవ్వుతుంది, నవ్వినందుకు అత్త తనను బతికినన్నాళ్లూ దెప్పుతుంది. ఎవరూ చూడకముందు ఊడ్చేస్తే సాయంత్రానికి అన్నీ చల్లబడతాయనుకొని చీపురు పట్టుకొని పోయింది. అది పిరికితనమే, దానికి ఇంకో పేరు పెట్టడానికి లేదు.

అప్పటికే అక్కడ సగం ఊరు ఉంది. తోటికోడలు అనసూర్య ఆమె జబ్బ పట్టి వెనక్కి గుంజింది.

"సోయున్నదా చెల్లె? చీపురు పెడితే పెట్టినోళ్లకే తగుల్తది. లక్ష్మణ్ పరదేశంల ఉన్నడు, జర ఆలోచన చెయ్యి."

కిష్టవ్వ దూరంగా నిలబడి ఒక్కో వస్తువునూ పరిశీలించింది. నేరం ఎక్కడ జరిగినా ముందుగా తేల్చేది ఆమే.

"గీ ఊర్ల నల్లకోళ్లు ఎవలికున్నయ్?" అని అడిగింది. "తెల్ల ఎంటికెలు, ఒంటి మనిషి, ఊరి చివరిల్లు. ఇంకా చెప్పాల్నా?"

చెప్పనక్కర్లేదు. సత్తమ్మ మొగుడు జ్వరంతో పోయాడు, రెండేళ్లకు కొడుకూ అట్లాగే పోయాడు. అప్పటి నుంచీ ఆమె గురించి ఊళ్లో గుసగుసలున్నాయి. ఆమె ఇంటికి మంచినీళ్లకైనా పోయేది దీపిక ఒక్కతే.

మోటారు మెకానిక్ లింగమూర్తి ముందుకు వచ్చాడు. ఏ పనికైనా పద్ధతి ఉంటుందని నమ్మే మనిషి.

"మంత్రాలు నోటితోటి సదువుతరు. ముందటి పండ్లు పీకితే మాట తిరగది, మాట తిరగకుంటే మంత్రం పారది. మా తాత చెప్పిండు. కాకపోతే రోగి కండ్ల ముందటే పీకాలె," అన్నాడు. పట్టకారు అతని జేబులో ఎప్పుడూ ఉంటుంది.

అలా పళ్లు ఊడగొట్టిన సంగతులు అందరూ విన్నవే. కనుక ఎవరూ నవ్వలేదు. రోగి కూడా ఉండాలన్నాడు కాబట్టి నలుగురు కలిసి హనుమండ్లును మంచంతో సహా ఎత్తుకొని బయల్దేరారు.

వనజకు ముసలామెను చంపేస్తారన్న భయం ముందు అత్త దెప్పుడు చీపురు పుల్లంత కూడా కాలేదు. దీపిక చేయి పట్టుకొని, ఫోను పట్టుకొని పరుగెత్తింది. అప్పటికే సత్తమ్మ ఇంటి తలుపు వాకిట్లో పడి ఉంది. సత్తమ్మను రెక్క పట్టి బయటకు లాక్కొచ్చి మంచం ముందు కూర్చోబెట్టారు.

"బావా, అది బాణామతి కాదు. మన దీపిక చేసింది. బడోళ్లు ఇచ్చిన పని. ఇగో సూడు ఫోన్ల," అంది వనజ.

దుప్పట్లోంచి హనుమండ్లు తల బయటికి రాలేదు.

"నువ్వు చేసినవానే?" అని కిష్టవ్వ మనవరాలిని అడిగింది.

"ఔ నానమ్మా. బాపు మొకం."

"మరి ఈకలు ఏడియి?"

"సత్తవ్వ ఇచ్చింది. గుడ్డు గూడ ఇచ్చింది."

ఆ మాటతో వాకిలంతా గుప్పుమంది. నిజం చెబితే పని అవుతుందనుకున్న వనజకు, నిజం కూడా అవతలి వాళ్ల పక్షాన చేరుతుందని అప్పుడే తెలిసింది.

"ఇన్నరా? పసిపిల్ల చేతుల మీదికెళ్లి చేయించింది. ఎంత ఒడుపున్నదో సూడుండ్రి," అంది కిష్టవ్వ.

"ఫొటో సూడుండ్రి అంటున్న. టీచర్ పువ్వులు గూడ పెట్టింది," అంటూ వనజ ఒక్కొక్కరి ముఖం ముందూ ఫోను పెట్టింది. ఒక్కరూ చూడలేదు. చూస్తే ఫోనులోంచి కూడా తగులుతుందని అనసూర్య కళ్లు మూసుకుంది.

సత్తమ్మ మాత్రం పిల్లవైపే చూస్తోంది.

"పిల్ల ఈకలు అడిగింది, ఇచ్చిన. ఇయ్యద్దని నాకు ఎరుక లేదు," అంది.

లింగమూర్తి పట్టకారు తీశాడు. వనజ అతని చేయి పట్టుకుంది. ఎవరో తోస్తే పడింది, మోచేయి చీరుకుపోయింది. దీపిక ఏడుపు అందుకుంది. ఇద్దరు సత్తమ్మ భుజాలు అదిమి పట్టారు.

"నోరు తెరువు," అన్నాడు లింగమూర్తి.

సత్తమ్మ నోరు తెరిచింది.

లింగమూర్తి వంగి చూశాడు. పట్టకారు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాడు. చాలలేదని తన ఫోను లైటు వేసి మళ్లీ చూశాడు.

"పండ్లేయి?"

"పదేండ్లాయె బిడ్డా ఊడి. గట్కే తాగుతున్న."

"కట్టుడు పండ్లు ఏడ దాచినవ్?"

"గంజికే తిప్పలున్నది, నాకేడియి కట్టుడు పండ్లు."

లింగమూర్తి నిటారుగా నిలబడి చెమట తుడుచుకున్నాడు. తాత చెప్పిన పద్ధతి ప్రకారం పళ్లు లేని నోట్లోంచి మంత్రం రాదు. ఉన్న పళ్లు పీకమన్నాడు గానీ, లేని వాళ్లనేం చేయాలో తాత చెప్పిపోలేదు.

"ఈమె కాదు," అన్నాడు చివరికి. "పదేండ్ల సంది ఈమెతోని కాదు."

"అయితే ఆ తెల్ల ఎంటికెలు ఎవలియి?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

దీపిక ఏడుపు ఆపి ముక్కు తుడుచుకుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పాలని బడిలో నేర్పారు.

"మా నానమ్మయి. గోడసందుల పెడితే తీసుకున్న."

అందరూ కిష్టవ్వవైపు తిరిగారు. కిష్టవ్వకు అరవై ఎనిమిదేళ్లు. ఒక్క పన్ను ఊడలేదు, మక్కకంకి కాల్చిన పొగ ఆరకముందే కొరికి ఊరందరికీ చూపించే మనిషి. జనం చూపు తన నోటి మీద పడటం గమనించి ఆమె గబుక్కున కొంగు అడ్డం పెట్టుకుంది. అదే ఆమె చేసిన పొరపాటు.

"నోరెందుకు మూసుకున్నవ్ కిష్టవ్వా?" అన్నాడు లింగమూర్తి. పట్టకారు ఇంకా చేతిలోనే ఉంది. "కొంగు తియ్యి జర. పద్ధతంటే అందరికీ ఒకటే పద్ధతి."

"నేనెందుకు చేస్తరా? వాడు నా కొడుకు," అంది ఆమె కొంగులోంచి. భుజాలు పట్టుకోవడం ఇందాకే అలవాటైన ఆ ఇద్దరు సత్తమ్మను వదిలి ఇటు నడిచారు. కిష్టవ్వ ముఖం పాలిపోయింది. ఆ భయం ఎలా ఉంటుందో ఆమెకు జీవితంలో మొదటిసారి తెలిసింది.

హనుమండ్లు దుప్పటి విసిరేసి మంచం మీది నుంచి దుమికాడు. వణుకు లేదు, జ్వరం లేదు.

"ఏయ్ లింగమూర్తీ, మా అవ్వ మీద చెయ్యి పడ్డదంటే మంచిగుండది. పిల్ల బడి పని చేసుకుంటే బాణామతి అంటరా? సదువుకున్నోళ్లేనా మీరు?"

వనజ చేతిలోంచి ఫోను లాక్కొని అందరికీ చూపించాడు. "గిది మా తమ్ముని మొకం. గివి టీచర్ పంపిన పువ్వులు. కండ్లు పెట్టి సూడుండ్రి."

అందరూ చూశారు. అనసూర్య కళ్లు తెరిచి మరీ చూసింది. మీసం అచ్చం లక్ష్మణ్‌దేనని ఒకరు, పిల్లకు మంచి పనితనం ఉందని ఒకరు అన్నారు. పట్టకారు జేబులోకి పోయింది. అదే ఫోను, అదే ఫొటో, అదే మాట. ఇందాక వనజ కాళ్లావేళ్లా పడి చెబితే ఒక్క కన్ను కూడా తెరుచుకోలేదు. ఇప్పుడు చెప్పినవాడికి మీసముంది, చెప్పింది తన తల్లి కోసం. అంతకంటే తేడా ఏమీ లేదు.

జనం ఇళ్లకు పోయారు. హనుమండ్లు తల్లి చేయి పట్టుకొని నడిచిపోయాడు. మంచం సంగతి ఎవరికీ గుర్తు లేదు. సత్తమ్మకు తప్పయిందని చెప్పాలన్నది అసలు ఎవరికీ తోచలేదు.

వనజ తలుపు ఎత్తి గోడకు ఆనించబోయింది. రక్తం కారుతున్న మోచేతితో అది లేవలేదు.

"అవ్వా, తప్పు నాది. పొద్దుగాల్నే చెప్తే గింత కాకపోవు. భయపడి ఊకున్న," అంటూ ఆమె ఏడ్చింది.

"చెప్పినవ్ గద బిడ్డా. ఎవలు ఇన్నరు?" అంది సత్తమ్మ. దీపికను దగ్గరికి తీసుకొని తల నిమిరింది. తర్వాత కొంచెం దూరం జరిపింది.

"ఇగ మా ఇంటికి రాకు, బంగారం. నీకు రేపు జలుబు జేసినా నా మీదికే వస్తరు."

దీపిక తల్లి ముఖంలోకి చూసింది. వనజ రావచ్చులే అనలేకపోయింది.

ఊళ్లో మాత్రం ఆ సాయంత్రం అందరూ సత్తమ్మ నసీబు మంచిదన్నారు, సమయానికి నోట్లో పళ్లు లేవని.