పరామర్శ కింద బోరుబావి

2006 ప్రాంతంలో బెంగళూరు బొమ్మనహళ్ళిలో, ఒక గార్మెంటు ఫ్యాక్టరీ పై అంతస్తులో, పరాయివాళ్ళ కష్టాలు పంచుకునే కంపెనీ ఒకటి ఉండేది. దాని అధిపతి భుజంగరావుగారు. ఇంటర్నెట్టులో జనం చేరి కష్టసుఖాలు చెప్పుకునే ఫోరములుంటాయి. అక్కడ ఏం రాసినా కింద మన సంతకం పడుతుంది. ఆ సంతకంలో ఒక వెబ్‌సైటు లింకు పెట్టవచ్చు. ఆ లింకు ఎన్ని చోట్ల కనబడితే, సెర్చి ఇంజను ఆ వెబ్‌సైటును అంత పెద్దమనిషిగా ఎంచి పై వరుసలో కూర్చోబెడుతుంది. మన ఊళ్ళలో పెద్దమనుషులు తయారయ్యే పద్ధతి కూడా ఇదే కనుక, ఎవరూ తప్పుపట్టలేదు.

కాడుగోడిలో బోరుబావులు వేసే వెంకటగిరియప్ప ఈ కంపెనీకి ఖాతాదారు. అందువల్ల ప్రపంచంలో ఎవరికి విడాకులైనా, ఎవరి జుట్టు రాలినా, సిబ్బంది "చాలా మంచి సమాచారం, ధన్యవాదాలు" అని రాసేవారు. కింద కాడుగోడి బోరుబావుల లింకు ఉండేది.

హిందూపురం నుంచి వచ్చిన వరూధినికి కుక్కల ఫోరము అప్పగించారు. ఇంగ్లండులో మార్గరెట్ అనే ఆవిడ, భర్త పోయినప్పటి నుంచి తన కుక్క తిండి ముట్టడం లేదని రాసింది. వరూధిని "మంచి సమాచారం" దాకా రాసి ఆగిపోయింది. వాళ్ళ తాత పోయినప్పుడు ఇంటి కుక్క కూడా అలాగే పస్తులుంది. తాత వాడిన తువ్వాలు పరిచి, దాని మీద గిన్నె పెట్టి, తను పక్కన కూర్చుంటే అప్పుడు మూతి పెట్టింది. తనకొచ్చిన ఇంగ్లీషులో ఆ సంగతంతా రాసేసరికి మధ్యాహ్నం గడిచిపోయింది.

భుజంగరావుగారు పిలిపించారు.

"చూడమ్మా, మనం అమ్మేది కింద ఉన్న సంతకం. పైన ఏదో ఒకటి ఉండాలి కాబట్టి రాస్తున్నాం. దానికి అర్థం కూడా ఎందుకు?"

"కుక్క తినకుండా ఉండాది సార్. చూస్తా చూస్తా ఎట్ల ఊరుకునేది?" అంది వరూధిని.

మళ్ళీ ఇలా జరిగితే ఉద్యోగం ఉండదని చెప్పి పంపారు.

అక్కడ మార్గరెట్, వరూధిని రాసినట్టే, భర్త స్వెట్టరు పరిచింది. కుక్క తిన్నది. ఆవిడ సంతోషం పట్టలేక లింకు నొక్కింది. కంపెనీ చరిత్రలో ఒక మనిషి లింకు నొక్కడం అదే మొదలు. అందులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, వెంకటగిరియప్పకు తన కథంతా చెప్పి ఏడ్చింది. ఆయనకు ఇంగ్లండు అన్న మాటా, ఏడుపూ అర్థమయ్యాయి.

మర్నాడే ఆఫీసుకు వచ్చి, "ఏమప్పా, ఇంగ్లండ్లో నీళ్ళకు అంత కష్టం ఉండాదా? పాపం ఆయమ్మ బోరు కోసరం ఏడుస్తా ఉండాది" అన్నాడు.

భుజంగరావుగారు విషయం గ్రహించి వెంటనే సిబ్బందిని సమావేశపరిచారు. "మిత్రులారా, సానుభూతికి మార్కెట్టుంది. నేటి నుంచి అందరూ మనస్ఫూర్తిగా బాధపడాలి. ఎవరి బాధా నాలుగు వాక్యాలకు తగ్గరాదు" అని ప్రసంగించారు. శిక్షణ ఇచ్చే బాధ్యత వరూధినిదే. ఆ నెలలో బొమ్మనహళ్ళి తాతలు కుక్కల ఫోరములోనే కాక, జుట్టు ఫోరములో కూడా తువ్వాళ్ళు వదిలి కన్నుమూశారు.

తర్వాత సెర్చి ఇంజను ఇలాంటి లింకులను లెక్కచేయడం మానేసింది. సానుభూతి విభాగం ఆ పూటే మూతపడింది. వరూధినికి మహదేవపురలో వేరే ఉద్యోగం దొరికింది. అయినా సాయంత్రాలు ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, కుక్కలవాళ్ళకు జవాబులు రాస్తూనే ఉంది. ఇప్పుడు ఆమె సంతకంలో ఏ లింకూ లేదు.

ఫోరము పెద్దలకు అప్పుడు అనుమానం వచ్చింది. బోరుబావులున్నన్నాళ్ళూ ఆమె ఎందుకు రాస్తోందో తెలిసేది. ఏ లాభమూ లేని మనిషి ఇంత ఓపిగ్గా ఎందుకు రాస్తుంది? చర్చ జరిపి, ఓటింగు పెట్టి, "ఉద్దేశం తెలియరాలేదు" అన్న కారణం చూపి ఖాతా మూసేశారు. ముందుజాగ్రత్త మంచిదేనని మార్గరెట్ కూడా ఓటేసింది. మీరూ నేనూ అక్కడ లేము గానీ, ఉంటే అటే ఇంకో రెండు ఓట్లు పడేవి.