ట్యాబులో సుహాసిని

బడికి సర్కారు ట్యాబ్లెట్లు ఇచ్చిందని బాలకిషన్ ఇంట్లో చెప్పినప్పుడు, కందిపప్పు చెరుగుతున్న ఆయన భార్య అరుణజ్యోతి తల కూడా ఎత్తలేదు.

“ఏం రోగానికి?”

“చదువు రాని రోగానికి.”

“పిల్లలకా, సార్లకా?”

ఈ మాట పై వాటాలో ఉన్న నాకు కూడా వినిపించింది. నా పేరు తిమోతి. నారాయణఖేడ్‌లో వాళ్లింట్లోనే అద్దెకుంటాను. కల్హేర్ వైపు ఒక పల్లెబడిలో మేమిద్దరమే సార్లం. ఒకే బండి మీద పోతాం, ఒకే బండి మీద వస్తాం. కాబట్టి బడిలో ఆటా ఇంట్లో ఆటా రెండూ నాకు టికెట్టు లేకుండానే దొరుకుతాయి.

బాలకిషన్ మంచివాడే. అనుమానమొక్కటే ఆయన జబ్బు. గ్యాసుబండ వస్తే ఎత్తి ఊపుతాడు. అరటిపండు కొనేటప్పుడు లోపల పండుందా అని నొక్కి చూస్తాడు. పిల్లలు ఆయనకు ‘డౌటు సారు’ అని పేరు పెట్టారు. ఎవరు పెట్టారో ఆయనకు తెలియదు కాబట్టి అందరినీ అనుమానిస్తాడు.

ఇక ట్యాబును వదులుతాడా?

“తిమోతీ, గిది మనల్ని చూస్తుందిరా. నేనట్ల కునుకు తీస్తే పైకి ఫోటో కొడ్తది” అని కెమెరా మీద బ్యాండేజీ ముక్క అంటించాడు. అయినా నమ్మకం కుదరలేదు. ట్యాబు దగ్గర్లో ఉన్నంతసేపూ నన్ను ‘తిమోతి గారూ’ అని పిలిచేవాడు. అది వినలేక నేనే దాన్ని అల్మారాలో పెట్టి తాళం వేసేవాణ్ణి.

అందులో ‘చదువుచిలక’ అని ఒక యాప్ ఉంది. పిల్లలు తమ పేరు నొక్కి పాఠం పైకి చదవాలి. యాప్ విని, ఆ గొంతును పేరు కింద దాచుకుని, నక్షత్రాలు వేస్తుంది. సుహాసిని అక్క అనే గొంతు లోపలి నుంచి తియ్యగా మెచ్చుకుంటుంది. చదివిన పిల్లల పేరు పచ్చగా మారి, తర్వాతి పాఠం తెరుచుకుంటుంది. చదవని పేరు ఎర్రగానే ఉంటుంది. ఆ రంగులన్నీ మండలాఫీసులో క్రిస్టీనా మేడం ఫోనులో కనిపిస్తాయి.

బాలకిషన్ చెప్పే మూడో తరగతి ఎండుమిర్చి ఆరబోసినట్టు ఎర్రగా ఉండేది. నా తరగతీ అంతే అనుకోండి. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చదివించాలంటే ఓపిక కావాలి. బాలకిషన్‌కు ఓపిక బదులు ఉపాయం తట్టింది. ఒకరోజు ట్యాబు సంచిలో వేసుకుని బండెక్కాడు.

“ఇంట్ల ఛార్జింగు పెడ్త” అన్నాడు.

బడిలో కరెంటు ఉంది కదా అని నేను అడగలేదు. అడగాల్సింది.

ఇంటికి రాగానే ట్యాబు తువ్వాల్లో చుట్టుకుని స్నానాల గదిలో దూరి గొళ్లెం పెట్టాడు. ఒక్కో పిల్ల పేరు నొక్కడం, ముక్కు పట్టుకుని సన్నగొంతుతో తనే చదవడం. అదీ పథకం.

“అ...మ్మ. ఆ...వు.”

“శభాష్! నీ గొంతు ఎంత ముద్దుగా ఉంది! ఇంకోసారి చెప్పు, వింటాను” అంది సుహాసిని.

బయట వాకిలి ఊడుస్తున్న జ్యోతి చేతిలో చీపురు ఆగిపోయింది.

“ఏమయ్యో! లోపల ఎవలున్నరు?”

“ఎవలు లేరే. తానం చేస్తున్న!”

“తానం చేస్తే శభాష్ అనేటిది ఎవతి?”

తలుపు తెరుచుకుంది. ఒక్క చుక్క నీళ్లు తగలని ఒంటితో, చంకలో తువ్వాలు మూటతో బాలకిషన్ బయటికొచ్చాడు.

“రేడియో” అన్నాడు.

“గా రేడియో పేరేంది?”

“సుహాసిని” అని నోరు జారాడు.

ఇక జ్యోతి అందుకుంది. ఎవతది, ఏ ఊరిది, ఎన్నొద్దుల సంది నడుస్తుంది గీ యవ్వారం, నా పుట్టింటోళ్లను పిలువాల్నా అని ఊపిరి తీసుకోకుండా దులిపేసింది. నేను మెట్ల మీద నిలబడి విన్నాను. ఎక్కడా తడబాటు లేదు.

ఆమె ఆగగానే తువ్వాల్లోంచి గొంతు వచ్చింది: “అద్భుతం! ఒక్కచోట కూడా ఆగకుండా చదివావు! అయిదు నక్షత్రాలు!”

మూటలో యాప్ నడుస్తూనే ఉంది మరి. ఆ వేళకు తెరిచి ఉన్నది అంకిత అనే పిల్ల పేరు.

జ్యోతి తువ్వాలు వైపు చూసింది, మొగుడి వైపు చూసింది, మారు మాట్లాడకుండా వంటింట్లోకి పోయింది. అంతసేపు మాట్లాడిన మనిషి ఊరికే ఊరుకుందంటే ఎవరికైనా అనుమానం రావాలి. అన్నిటినీ అనుమానించే బాలకిషన్ ఆ ఒక్కదాన్ని అనుమానించలేదు. మళ్లీ గొళ్లెం పెట్టుకుని మిగతా పేర్లు కూడా కానిచ్చాడు.

మరుసటి రోజుకు మూడో తరగతి పచ్చని జొన్న చేనులా మెరిసింది. కానీ పాఠం అయిపోయిందనుకుని యాప్ తర్వాతి పాఠాలు తెరిచింది. అన్నీ ఒత్తులే. అ, ఆల దగ్గరే తడుముకుంటున్న అంకితకు ‘రాష్ట్రం’, ‘వస్త్రం’ వచ్చాయి. పిల్ల బిక్కచచ్చిపోయింది. ఆ తర్వాత బడికి రావడమే మానేసింది.

అంకిత తల్లి సంతోషమ్మ అంగట్లో కూరగాయలమ్ముతుంది. వంకాయలు కొనడానికి పోయిన జ్యోతితో గోడు వెళ్లబోసుకుందట.

“బడికి పోనని ఏడుస్తుందక్కా. నాకేం రాదు, నేను మొద్దును అంటుంది. సారేమో నీకు అయిదు చుక్కలొచ్చినయ్, సదువు అంటుండంట.”

జ్యోతి వంకాయలు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చింది.

మండలంలో అందరికంటే పచ్చగా ఉన్న తరగతిని చూడటానికి క్రిస్టీనా మేడం బడికి వచ్చిన రోజున, బాలకిషన్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మేడం ట్యాబు తీసిందో లేదో, గేటు ముందు ఆటో ఆగింది. జ్యోతి దిగింది, అంకిత చెయ్యి పట్టుకుని.

“గీ బడిల సుహాసిని ఎవలు?” అంది గట్టిగా.

మేడం నవ్వింది. “ట్యాబుల గొంతమ్మా. ఇను” అని నొక్కింది.

“శభాష్!” అంది సుహాసిని.

“గిదే గొంతు మేడం! మా స్నానాల గదిలకెల్లి వచ్చింది గిదే!”

మేడం నవ్వు ఆగిపోయింది. “బడి ట్యాబు స్నానాల గదిల కెందుకు పోయింది సార్?”

“ఛార్జింగు పెడ్దామని...”

“నీళ్లతోనా?”

మేడం ఒక పేరు నొక్కింది. ముక్కు పట్టుకున్న మగగొంతు ‘అ...మ్మ’ అంది. “సారు గొంతు! సారు గొంతు!” అని పిల్లలు గంతులేశారు. తర్వాత మేడం అంకిత పేరు నొక్కింది. ‘ఎవతది, ఏ ఊరిది’ అని జ్యోతి గొంతు తరగతంతా మోగింది. చివర అయిదు నక్షత్రాలు. నేను నవ్వాపుకోలేక నల్లబల్ల వైపు తిరిగాను.

“మీ తరగతి ఎట్లుంది?” అని మేడం నా మీద కూడా అనుమానపడింది.

“ఎర్రగానే ఉంది మేడం” అన్నాను. ఆ మాట అంత గర్వంగా ఎప్పుడూ చెప్పలేదు.

మేడం మూడో తరగతినంతా మళ్లీ ఎర్రగా మార్చేసింది. “మొదటి పాఠంకెల్లి, పక్కన కూసోని చదివించుండ్రి. మల్ల వస్త” అని వెళ్లిపోయింది.

బడి విడిచాక వరండాలో బాలకిషన్ పళ్లు నూరాడు. “ఇజ్జత్ తీసినవ్ గదనే! గది ట్యాబని తెల్వకపాయెనా?”

“తువ్వాలల మాట్లాడిన్నాడే తెల్సింది.”

“మరి నన్నే అడగకపోయినవ్?”

“అడిగితే మల్ల రేడియో అంటవ్. నువ్వు చేసిన లత్కోరు పని మేడంకు నేను చెప్పలే. నా మొగని మీద అనుమానముందని చెప్పుకున్న, అంతే. నా తిట్లు గా పిల్ల నెత్తిన పడితె నేను ఊకుంటనా?”

బాలకిషన్ మెల్లగా బండి వైపు నడిచి జేబులు తడుముకున్నాడు. తాళం అప్పటికే జ్యోతి చేతిలో ఉంది. దాన్ని నాకిచ్చింది.

“అన్నా, నన్ను ఇంటికాడ దించు. మీ సారు చదివిచ్చుకోని ఆటోల వస్తడు.”

బండి తీస్తూ తరగతి కిటికీలోంచి లోపలికి చూశాను. బాలకిషన్ కింద చాప మీద కూర్చున్నాడు, పక్కన అంకిత, మధ్యలో ట్యాబు. అంకిత వేలు అక్షరం మీద ఆగిపోయింది. బాలకిషన్ నోరు తెరిచాడు.

“సారూ, నువ్వు చెప్పకు. నేనే చెప్త” అంది అంకిత.

బాలకిషన్ రెండు చేతులతో నోరు మూసుకుని, పిల్ల ముఖం చూస్తూ కూర్చున్నాడు.