నూకాలు ఏ వర్గం?

ఒక పెద్ద అడవిలో కబుర్లన్నీ దారాల మీదే నడిచేవి. సాలీళ్లు చెట్టుకీ చెట్టుకీ దారం కట్టేవి. ఈ చివర లాగితే ఆ చివర ఆకు ఊగేది. ఒకసారి ఊగితే పెళ్లి, రెండుసార్లు ఊగితే పులి, మూడుసార్లయితే వరద. ఏ దారం ఎటు పోవాలో తేల్చడానికి దారాల సభ ఒకటుండేది.

ఏటి పక్క పల్లంలో, ఒళ్లంతా పొలుసులుండే నూకాలు అనే అలుగు కాపురం. అక్కడికి దారం లేదు. పోయిన వానాకాలం ఏరు చెప్పాపెట్టకుండా బొరియలోకి వచ్చేసింది. పిల్లని తోక మీద ఎక్కించుకుని చెట్టెక్కబట్టి సరిపోయింది. ఇప్పుడు మళ్లీ మబ్బులు పడుతున్నాయి. నూకాలుకి కంటి మీద కునుకు లేదు.

ఒకనాడు కాకి వచ్చి చాటింపు వేసింది. "దారాల మీద సామాన్య జంతువుల అభిప్రాయాలు కోరడమైనది! దారం ద్వారానే పంపవలెను!"

"మాకు దారమే లేదు కదా బాబూ?"

"ఆ సంగతి కూడా దారం ద్వారానే తెలపవలెను," అంటూ కాకి ఎగిరిపోయింది.

నూకాలు పిల్లని తోక మీద వేసుకుని, మూడు రోజులు నడిచి సభకి చేరింది.

ఆమెని చూసి అధ్యక్షుడు కొండముచ్చు గవర్రాజు కొమ్మ మీంచి దూకేశాడు. "సామాన్యురాలు! నిజమైన సామాన్యురాలు! ఏడేళ్లుగా వెతుకుతున్నామమ్మా నీలాంటిదాని కోసం!"

మెడలో దండ పడింది. కార్యదర్శి గుడ్లగూబ, పగటి సభ కాబట్టి సగం నిద్రలోనే, అడిగింది. "ఏ వర్గం?"

"అలుగుని బాబూ. మా పల్లానికి దారం..."

"పొలుసులున్నాయి. చేపల వర్గం."

"నేను చెట్లెక్కుతాను."

"అయితే పక్షుల వర్గం."

"చీమల్ని తింటాను బాబూ!"

"ముందే చెప్పొద్దూ? పుట్టల పరిశ్రమ వర్గం."

మూడు వర్గాలూ నూకాలు మాదంటే మాదని పదకొండు రోజులు కొట్టుకున్నాయి. చివరికి గవర్రాజే రాజీ చేశాడు. ఆమెని సభలో సభ్యురాలిగా వేసేశాడు.

"సంతోషం బాబూ. మరి మా దారం?"

గవర్రాజు జాలిగా చూశాడు. "నువ్విప్పుడు సభ్యురాలివి తల్లీ. నీ మాట సామాన్యుల మాట కిందకి రాదు. ఎవరైనా సామాన్యులు అడగాలి."

నూకాలుకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "మా పల్లం నిండా సామాన్యులే. వచ్చి అడగండి!" అని అరిచింది.

సభ చప్పట్లు కొట్టింది. అందరూ జనంలోకి పోవాలని తీర్మానమైంది.

ముసురు పట్టిన వేళ సభంతా పల్లంలో దిగింది. గవర్రాజు వేదికెక్కి ఉపన్యాసం అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఎగువన ఒక జింక దారాన్ని మూడుసార్లు లాగింది. సభామండపంలో ఆకు మూడుసార్లు ఊగింది. చూడ్డానికి అక్కడ ఎవరూ లేరు. అందరూ జనంలోకి వచ్చేశారు.

ఏరు వచ్చి వేదికని ఎత్తుకుపోయింది.

"చెట్టెక్కండి!" అని నూకాలు కేక పెట్టింది. పిల్లని తోక మీద పెట్టుకుని, గవర్రాజుని మెడ పట్టి పైకి లాగింది. అందరూ ఒకే కొమ్మ మీద తడిసి వణుకుతున్నారు.

గుడ్లగూబ ముక్కు తుడుచుకుంది. "దీన్ని అభిప్రాయంగా రాసుకోవచ్చా?"

పై రెమ్మ మీద ఒక ముసలి సాలీడు ఉంది. పేరు పైడయ్య. సభవారి తోరణాలు మోసుకుంటూ వచ్చాడు. "ఏమమ్మా, ఇక్కడికి దారం లేదా?" అన్నాడు ఆశ్చర్యంగా. "నాకెవరూ చెప్పలేదే! రెండు పూటల పని."

వాన వెలిసిన మర్నాడే కట్టేశాడు. ఆ తర్వాత పల్లానికి వరద వచ్చింది గానీ, ఎవరి బొరియలోనూ ఎవరూ మునగలేదు. నూకాలు హాయిగా చీమల వేటలో పడింది.

సభలో మాత్రం ఒకటే కలవరం. ఆ ఏడు పల్లం నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు. "సామాన్యులు మనకి దూరమైపోతున్నారు," అని గవర్రాజు కళ్లు ఒత్తుకున్నాడు. కారణం కనిపెట్టడానికి ఉపసంఘం వేశారు.

నీతి: గోడు వినడానికి సభ ఉన్నంతకాలం గోడుకి లోటుండదు.