టిబెట్స్ గారి ఆఖరి శుక్రవారం

ఆ శుక్రవారం ఉదయం డీలియా క్రౌచ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదికల్లా డాక్టర్ టిబెట్స్ క్లినిక్‌కి వెళ్లాలి, ఓ మూల నిలబడి ఆయన వైద్యం చూడాలి. మిస్సోరీలో బయాలజీ మూడో ఏడు చదువుతున్న ఆ పిల్లకి ఆస్టియోపతి కాలేజీలో సీటు రావాలంటే, ఆ వైద్యం చేసే డాక్టరు దగ్గర్నుంచి సిఫార్సు ఉత్తరం కావాలి. ముగ్గురు కుదరదన్నారు. చేతులతోనే నడుములు సవరించే డెబ్బై నాలుగేళ్ల టిబెట్స్ గారొక్కరే రమ్మన్నారు.

తీరా వెళ్తే ఆయన, "కాస్త రాసుకునే పనుంది. తలుపు మూసెయ్యమ్మా, పిలుస్తా" అని లోపలి గదిలోకి వెళ్లిపోయారు.

బయట ఎల్రాయ్ అనే రైతు నడుం పట్టుకుని కూర్చున్నాడు. "ఎవరమ్మాయ్ నువ్వు?"

"డాక్టరు గారి దగ్గర పని నేర్చుకోడానికొచ్చానండీ. ఆయనకి ఓపికున్నన్నాళ్లూ నేర్పిస్తానన్నారు."

ఎల్రాయ్ మొహం పాలిపోయింది. నడుం సంగతి మరిచిపోయి ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లోకి పరిగెత్తాడు.

తొమ్మిదిన్నరకి ఒకావిడ వేడివేడి బంగాళాదుంపల కూర పళ్లెంతో దిగింది. "పాపం, ఎలా ఉన్నారు?"

"బానే ఉన్నారు. లోపల ఏదో రాసుకుంటున్నారు" అంది ముప్ఫై ఏళ్లుగా క్లినిక్‌లో పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చుంటున్న మావిస్.

"వీలునామా!" అని వెనకాల ఎవరో గొణిగారు.

పదికల్లా నాలుగు ఆపిల్ పైలు వచ్చాయి. పదిన్నరకి పూలదండ వచ్చింది. ఏం రాయాలో తెలియక రిబ్బను ఖాళీగా వదిలేశారు. పదకొండుకి పాస్టరు గారొచ్చి డీలియా భుజం మీద చెయ్యేశారు.

"పోయే ముందు ఏమైనా అన్నారా అమ్మా?"

గదిలోకి పోయే ముందేమో అనుకుంది డీలియా. "తలుపు మూసెయ్యమన్నారండీ."

అప్పటికి జనంతో నిండిన హాలంతా ఒక్కసారిగా ఏడుపందుకుంది. ఆ గోలకి తలుపు తెరుచుకుని టిబెట్స్ గారు బయటికొచ్చారు. పూలదండ తెచ్చినాయన కెవ్వుమన్నాడు.

సంగతి తెలిశాక అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. డాక్టరు గారు నవ్వలేదు. చేతిలో కాగితం మావిస్ బల్ల మీద పెట్టారు. కుడిచెయ్యి ఆగకుండా వణుకుతోంది.

"అయిదు నెలల్నుంచీ ఇంతే. మీ వెన్ను మీద పెట్టాల్సిన చెయ్యి ఇది. ఇవాళ్టితో ఆఖరు. సాయంత్రం ఈ కాగితం తలుపుకి అంటించి జారుకుందామనుకున్నా."

"నాక్కూడా చెప్పకుండానా?" అంది మావిస్.

"నీకే ముందు చెప్పాలనుకున్నా. అందుకే ఎవరికీ చెప్పలేకపోయా."

డీలియా అడిగింది. "మరి నన్నెందుకు రమ్మన్నారండీ?"

"ఆఖరి రోజు ఒక్కళ్లయినా చూస్తే బావుండుననిపించింది."

జనంలో ఉన్న ఎల్రాయ్‌ని పిలిచి లోపలి గదిలో బల్ల మీద బోర్లా పడుకోబెట్టారు. డీలియా అరచేతిని అతని నడుం మీద ఆనించి, పైన తన వణికే చెయ్యి ఉంచారు. "ఇక్కడ బిగుసుకుంది, తెలుస్తోందా? తొందరపడకు." ఎల్రాయ్ వెక్కుతున్నాడు. నొప్పా అని డీలియా అడిగితే, కాదన్నాడు.

డీలియాకి కావల్సిన సిఫార్సు ఉత్తరం మావిస్ టైపు చేసింది. సంతకం కుదిరేసరికి మూడు కాగితాలు పాడయ్యాయి.

సాయంత్రం దాకా ఊరు ఊరంతా వరసలో నిలబడి ఆయన చెయ్యి పట్టుకుని వెళ్లింది. రిజిస్టరులో మావిస్ అలవాటు కొద్దీ అందరి పేర్లూ పేషెంట్ల కిందే రాసింది. ఎల్రాయ్‌ని తీసేస్తే, ఆ రోజు ఒంట్లో బాగాలేనిది డాక్టరు గారొక్కరికే.