పికిలిపిట్ట త్యాగాల జాబితా

ఒక పెద్ద అడవిలో, జంతువుల కన్నా కమిటీలు ఎక్కువైపోయిన రోజుల్లో, ఒక సంగీత సభ ఉండేది.

అధ్యక్షుడు అడవిదున్న, కార్యదర్శి నక్క. ఇద్దరికీ రాగమేదో రంకె ఏదో తెలియదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఏటా ఇచ్చే 'గానశిఖరం' బిరుదుకు పాట వినరు. పాట కోసం ఎవరేం వదులుకున్నారో రాయించుకుని, ఆ జాబితా పొడవు కొలుస్తారు.

కేదారుడనే కుర్ర పికిలిపిట్ట దరఖాస్తు పట్టుకొచ్చాడు. వాడు పాడితే సెలయేరు కూడా మెల్లగా నడిచేది.

"పాడమంటారా అండీ?"

"ఆ పనులన్నీ ఇక్కడొద్దు. ఏం వదులుకున్నావు?" అంది నక్క.

"ఏమీ లేదండీ. కడుపునిండా తింటాను, పాడతాను."

"అయితే నువ్వు గాయకుడివి కాదు నాయనా, ఊరికే పాడేవాడివి!"

కేదారుడికి తల కొట్టేసినట్టయింది. మేడిపండ్లు మానేశాడు. నిద్ర మానేశాడు. నక్క కొలిచి పెదవి విరిచింది. "చాలదు. జతకట్టావా?"

"ఇవాళే గూడుకు పుల్లలు తెస్తున్నామండీ."

"మరింకేం! అది రాయి."

ఆ సంగతి విని కుంకుమ అనే ఆ ఆడపిట్ట తన ముక్కున ఉన్న పుల్ల జారవిడిచింది. "నీ పాట వినే కదయ్యా వచ్చాను! నన్నొదిలేసి ఎవరికి పాడతావు?"

"సభకి."

"సభకి చెవులున్నాయా?"

"కమిటీ ఉంది."

కుంకుమ అవతలి పొదకు ఎగిరిపోయింది.

చివరికి ఒక కొంగ జాబితా, కేదారుడి జాబితా సమానంగా వచ్చాయి. నక్క వాణ్ణి పక్కకు పిలిచింది. "ఈ వానాకాలమంతా నోరు మెదపకు. గొంతు కోసం మౌనవ్రతం. అలాంటిది ఇంతవరకూ ఎవరూ రాయలేదు."

మెదపలేదు. బిరుదు వచ్చింది.

సన్మానం రోజున కేదారుడి మీద తొమ్మిది శాలువాలు కప్పారు. లోపల పిట్ట ఉందో లేదో తెలియలేదు. దున్న వాడి త్యాగాలు చదువుతూ మూడుసార్లు కళ్లు తుడుచుకుంది. ముఖ్య అతిథి పులి ఆవులించి, "ఏదీ, ఒక పాట?" అంది.

కేదారుడు శాలువాల్లోంచి తల బయటపెట్టి నోరు తెరిచాడు. పాట ఎత్తుగడ వచ్చింది. తర్వాతిది రాలేదు. మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఎత్తుగడా రాలేదు. తనదే పాట, పుట్టిననాటినుంచీ పాడిన పాట, ఎక్కడ పెట్టాడో తెలియక వెతుక్కుంటూ అందరి మొహాలూ చూశాడు.

ఆ నిశ్శబ్దంలో అవతలి పొదనుంచి పాట వినిపించింది. పులి చెవులు రిక్కించింది. "ఎవరది?"

"ఎవడో అనామకుడు దొరా!" అంది నక్క. "మేడిపండ్లు తింటూ పాడతాడు. భార్య కుంకుమ, ముగ్గురు పిల్లలు. ఒక్క త్యాగమూ లేదు."

"ఛీ! ఆ గోల ఆపించండి," అంది పులి.

దున్న లేచి గొంతు సవరించుకుంది. "చూశారా, మహాజనులారా! మన కేదారుడు చివరికి పాటను కూడా త్యాగం చేశాడు!"

అడవి దద్దరిల్లేలా చప్పట్లు. పదో శాలువా కప్పారు.

నీతి: గొప్ప గాయకుడు కావాలంటే అన్నీ వదులుకోవాలి, పాట ఒక్కటి వదలలేనివాళ్లు పొదల్లో పాడుకుంటూ మిగిలిపోతారు.